తొలికోత సాయంత్రం

పోయినవారం మబెల్‌ని నేలమాళిగ మెట్ల మీద వదిలేసి వచ్చాం. ఒక చేతిలో దీపం, ఇంకో చేతిలో అడ్డంగా కోసిన సలామే. పైతొక్క రాయిలా బిగిసిపోయింది. లోపల మాంసం పచ్చిగా, బూడిదరంగుకు తిరిగి, పులిసిన కంపు కొడుతోంది. ఒకటి కోసి చూసింది, ఇంకోటి కోసింది, మూడోదాన్ని కోసే ధైర్యం చాల్లేదు. వాసాలకు వేలాడుతున్న వాటన్నిటి దగ్గరా అదే కంపు.

ఇదంతా ఎలా వచ్చిందో కొత్తగా చదివేవాళ్ళకు చెప్పాలి. పాతవాళ్ళు కాస్త ఓపిక పట్టాలి.

మా కరోయా ఊళ్ళో జూన్‌లో, చలికాలం మొదట్లో, పందిని కోస్తారు. మాంసం తరిగి, వెల్లుల్లి వేసి కాచిన వైన్ కలిపి, పేగుల్లో కూరి, దారం చుట్టి నేలమాళిగలో వేలాడదీస్తారు. అది ఆరితే సలామే. ఆ తరవాత చెయ్యాల్సిన పనల్లా ఆగడమే. ఆగడమంటే కాళ్ళు చాపుకుని కూర్చోవడం కాదు. ఉత్తరగాలి వీచిన రోజున వీధివైపు కిటికీ మూసెయ్యాలి, ఇటుకల నేల మీద నీళ్ళు చల్లాలి. ఆ గాలి వేడిగా, పొడిగా వస్తుంది. ఒక్క పూటలో పైతొక్కను బిగించేస్తుంది. పైన బిగిస్తే లోపలి తడికి దారి ఉండదు, లోపలే ఉండి మాంసాన్ని పాడుచేస్తుంది. ఇది మా ఊళ్ళో బడికి పోని పిల్లలకు కూడా తెలుసు.

మబెల్‌కి తెలియక కాదు. కార్దోబా నగరంలో పుట్టి పెరిగినదే అయినా ఎలిసేయో కందోత్తి ఇంటికి కోడలై వచ్చి పదిహేనేళ్ళు దాటింది. మోకాళ్ళు మొరాయించి, చేతులు వణికి ఇక మెట్లు దిగలేనని తేలాక, ఈ జూన్‌లో ముసలాయన నేలమాళిగ తాళంచెవి ఆమె చేతిలో పెట్టాడు. కొడుక్కి, అంటే మబెల్ మొగుడు దనీలోకి, ఇవ్వలేదు. వాడికి ట్రాక్టరు విప్పడం, మళ్ళీ బిగించడం, మిగిలిన మరలు జేబులో వేసుకోవడం తప్ప ఇంకోటి రాదు. కూతురు ఇల్డాకి అసలే ఇవ్వలేదు. ఆ తాళంచెవి కావాలని నోరు తెరిచి అడిగిన మనిషి ఆ ఇంట్లో ఆమె ఒక్కతే.

తాళంచెవి చేతికొచ్చిన నాటి నుంచి మబెల్‌కి ఒకటే బెంగ. "పట్నం పిల్ల చేతికిచ్చాడు, చూద్దాం" అని రొట్టెల కొట్టు దగ్గర ఎవరో అన్నారని విన్నది. దానికి తోడు ముసలాయన తొలికోతను అనుకున్నదానికంటే ఒక వారం ముందే పెట్టాడు. సలామేలు ఇంకా మెత్తగానే ఉన్నాయి. ఇంకో వారం ఆగుదాం మామయ్యా అని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. ఉత్తరగాలి వీచిన మధ్యాహ్నం, ఒక్క పూట గాలి తగిలితే ఆరిపోతాయిలే అనుకుని, రెండు కిటికీలూ బార్లా తెరిచిపెట్టింది.

అదీ కథ. ఇక తొలికోత సాయంత్రానికి వద్దాం.

తొలికోత అంటే ఆ ఏటి సలామేను ఇంటి పెద్ద అందరి ముందూ మొదటిసారి కోసే సాయంత్రం. చిన్నప్పటి నుంచి కలిసి తిరిగిన స్నేహితుడొకడు, ఇంటి రక్తం పంచుకున్నవాళ్ళు వస్తారు. చెక్కపలక బల్ల మీదికి వస్తుంది. వెళ్ళేటప్పుడు స్నేహితుడు నేలమాళిగలోకి దిగి, తనకు నచ్చినదాన్ని ఒకటి తెంపుకుని పోతాడు. అంచేత పలక మీదొకటి పెట్టి, కింద ఇంకోటి దాచడం కుదిరే పని కాదు.

మబెల్ కుదిర్చింది. ఆ పనిలో చూపించిన తెలివి కిటికీ దగ్గర చూపించి ఉంటే ఈ కథే ఉండేది కాదు.

ఊళ్ళో సలామే అమ్మే ఇళ్ళకు కొదవ లేదు. కానీ ఎవరి దగ్గర కొన్నా ముసలాయన నాలుక పట్టేస్తుంది. ఫలానా వాళ్ళు మిరియాలు ఎక్కువ వేస్తారు, ఫలానా వాళ్ళు కొవ్వు మిషన్‌లో ఆడిస్తారు అని కళ్ళు మూసుకుని చెప్పగలడు. ఆయన నాలుకకు తెలియని సలామే ఊరు మొత్తం మీద ఒక్కటే ఉంది. కన్నకూతురు చేసేది.

రైలు పట్టాల పక్కన ఒక షెడ్డు అద్దెకు తీసుకుని, దాని కింద గొయ్యి తవ్వించి, ఇల్డా సొంతంగా చేసి అమ్ముకుంటోంది. గుమ్మం మీద 'కందోత్తి' అని బోర్డు పెట్టింది. ఆమె పుట్టింటి పేరు అది, ఆమె పేరే. అయినా ముసలాయనకు కాలింది. "నీ పిల్లలది వేరే ఇంటిపేరు, నీకు తాళంచెవి ఎందుకని అడిగితే, నా పేరునే సంతలో పెట్టింది" అన్నాడు. ఆయన డెబ్భై అయిదో పుట్టినరోజుకు ఆమె రెండు సలామేలు కాగితంలో చుట్టి పంపింది. కాగితం విప్పకుండా తిప్పి పంపాడు.

అత్తగారికి జబ్బుచేసిందని ఇల్డా కార్దోబా వెళ్తుందని, తొలికోతకు ఉండదని దనీలో చెప్పాడు. ఆమె లేని సమయం చూసి మబెల్ ఆ షెడ్డుకు వెళ్ళింది. ఇల్డా మొగుడు ఒవీదియో ఒక్కడే ఉన్నాడు. "కార్దోబాలో స్నేహితురాలికి" అని చెప్పి అర డజను తీసుకుంది. ఇంటికొచ్చి, తలుపు గడియ వేసుకుని, ఇల్డా కట్టిన నీలం దారం ఒక్కొక్కటే విప్పింది. ఇంటి తెల్ల నూలుదారంతో, అత్తగారు నేర్పిన ముడితో, మళ్ళీ కట్టింది. మూడు సలామేలు పలక కోసం ఉంచి, మిగిలిన మూడు మెట్ల పక్కనే, ముందు వాసానికి వేలాడదీసింది, ముసలాయన స్నేహితుడు తోసొలీనీ చెయ్యి చాపితే అందేలా. పాడైనవాటిని వెనక చీకట్లోకి తోసేసింది. దారం కడుతున్నంతసేపూ ఆమె చేతులు వణకలేదు. అది తలచుకునే ఇప్పుడు సిగ్గుపడుతోంది. తప్పు చేస్తున్నప్పుడు చెయ్యి అంత నిలకడగా ఎలా ఉండగలిగిందని.

ఆగస్టు చలి ఆ సాయంత్రం గోడల్లోంచి కారుతున్నట్టుంది. కట్టెల పొయ్యి మీద పందితోలు సాసేజిలు ఉడుకుతున్నాయి. పక్క గిన్నెలో మొక్కజొన్న సంకటి కుతకుతమంటోంది. మబెల్ పలక సర్దింది. ముసలాయన తండ్రి పాత ద్రాక్షగానుగ చెక్కతో చేసిన పలక అది, ఇద్దరు పట్టుకుంటే గానీ లేవదు. సలామేను కత్తితో ఏటవాలుగా, వేలి మందాన కోసిన ముక్కలు మధ్యలో, వాటి పక్కన ముసలాయన తొలిముక్క కొయ్యడానికి కత్తి పెట్టని సలామే ఒకటి. ఒక పక్క చుట్టగా చుట్టి ఎండబెట్టిన పొట్టమాంసం, ఇంకో పక్క మెడమాంసం, రెండూ కిందటేటివి. ఆవుపాల చీజ్, వెనిగర్‌లో ఊరేసిన వంకాయ, ఆలివ్ కాయలు, అక్రోట్లు. మెంబ్రియో పండు గుజ్జుతో చేసిన తీపి బిళ్ళలు చివర, మాంసానికి తగలకుండా. అన్నిటి మధ్యలో దారంతో సహా సలామే తోకముక్క నిలబెట్టాలి. ఇది ఈ ఇంటిదేనని అదే సాక్ష్యం. మబెల్ తోకముక్కను నిలబెట్టింది. అది పడిపోయింది. మళ్ళీ నిలబెట్టింది.

"ఏమ్మాయ్, ఇంకా ఎంతసేపు? రినాల్దో పలక కొరికేసేలా ఉన్నాడు" అని ముసలాయన లోపల్నుంచి కేకేశాడు.

"నేను కొరకడమేంటిరా, నువ్వే మధ్యాహ్నం నుంచి ఏమీ తినకుండా కూర్చున్నావు" అన్నాడు రినాల్దో తోసొలీనీ. ఇద్దరూ ఒకే ఈడువాళ్ళు, ఒకే బడిలో ఒకే బెత్తం తిన్నవాళ్ళు.

మబెల్, దనీలో పలకను మోసుకొచ్చి బల్ల మీద పెట్టారు. ముసలాయన కత్తి తీసుకుని, వణికే చేత్తోనే, తొలిముక్క తానే కోశాడు. వాసన చూశాడు. నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. మబెల్ వైన్ కూజా పట్టుకుని ఆయన వెనకాల నిలబడింది.

ఆయన కళ్ళు తెరిచేసరికి అవి తడిగా ఉన్నాయి.

"రినాల్దో, తినరా" అన్నాడు. "తిని చెప్పు."

తోసొలీనీ తిన్నాడు. ఇంకోటి తిన్నాడు. "ఒరేయ్ ఎలిసేయో, ఇన్నేళ్ళూ నీ మొహం చూసి నీ రాళ్ళు నమిలానురా. నీ కోడలు నిన్ను మించిపోయింది. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు గానీ, ఇది ఒట్టేసి చెప్తున్నా, మా ఇంటి దానికంటే బాగుంది."

"నోరు మూసుకుని నములు. మాట్లాడితే రుచి పారిపోతుంది" అని ముసలాయన కసిరాడు. కానీ మొహమంతా నవ్వే. మబెల్ చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కున్నాడు. "మా అమ్మ చేసినట్టుందమ్మా. అచ్చం అలాగే. నాకు కూడా రాలేదు ఇలా."

ఆ చెయ్యి వెచ్చగా ఉంది. మబెల్‌కి దాన్ని విదిలించుకుని పారిపోవాలనిపించింది. పొగిడినకొద్దీ మెడ వంగిపోతోంది. చూసేవాళ్ళు వినయం అనుకున్నారు.

సరిగ్గా అప్పుడే వీధి తలుపు తెరుచుకుని, చలిగాలితో పాటు ఇల్డా లోపలికి వచ్చింది.

మబెల్ తన చెయ్యి ముసలాయన చేతిలోంచి లాక్కుంది.

"కార్దోబా వెళ్ళావన్నారే?" అన్నాడు దనీలో.

"మా అత్తకి తగ్గిందట, రావద్దని ఫోను చేసింది" అంటూ ఇల్డా కోటు విప్పి, తలుపు పక్కన ఉండే కుర్చీలో కూర్చుంది. ఏటా కూర్చునే కుర్చీ అదే. తొలికోత సాయంత్రం మాత్రం మానొద్దని తల్లి చివరి రోజుల్లో మాట తీసుకుంది. అందుకని వస్తుంది. ఒక గ్లాసు వైన్ తాగుతుంది, చీజ్ ముక్క తింటుంది. సలామే ముట్టుకోదు. తన చేతి తిండి తినని తండ్రి చేతి తిండి తనూ తినదు. యాభై ఏళ్ళ మనిషి, దారాలు లాగి లాగి వేళ్ళు కాయలు కాచిన మనిషి, ఈ ఒక్క విషయంలో మాత్రం తండ్రికి తగ్గ కూతురే.

"రా రా, ఇల్డా. నీకు కుళ్ళు పుట్టించే రోజు ఇది" అన్నాడు ముసలాయన.

ఇల్డా పలక వంక చూసింది. ముందు ఊరికే చూసింది. తరవాత కాస్త ముందుకు వంగి చూసింది. కోసిన ముక్క మొహంలో కొవ్వు పలుకులు పెద్దవిగా, ఒకదానికొకటి పోలిక లేకుండా ఉన్నాయి. మిషన్‌లో ఆడించిన కొవ్వు అలా ఉండదు, కత్తి పట్టి తరిగితేనే అలా ఉంటుంది. ఆమె లేచి వచ్చి, చెయ్యి చాపి, ఒక ముక్క తీసుకుంది.

దనీలో, తోసొలీనీ ఇద్దరూ ఆమె వైపు తిరిగారు.

"చూశావురా రినాల్దో! చెయ్యి చాపింది!" అని ముసలాయన బల్ల మీద కొట్టాడు. "ఎన్నేళ్ళయింది! తిను, తిను. ఎలా ఉంది?"

ఇల్డా నమిలింది. నెమ్మదిగా నమిలింది. తన ఇల్లు తనకు తెలియకుండా ఎవరో అద్దెకిస్తే, ఆ ఇంటికే చుట్టంగా వెళ్ళినట్టు ఉండి ఉంటుంది ఆమెకు. మింగాక తల తిప్పి మబెల్‌ని చూసింది. ఎక్కువసేపు చూడలేదు.

"బాగుంది నాన్నా" అంది.

"బాగుండటం కాదు. ఇందుకే చెప్పాను, నేలమాళిగ ఎవరికివ్వాలో నాకు తెలుసని. ఇంట్లో పుట్టినంత మాత్రాన చెయ్యి రాదు. ఈ ఇంట్లో పుట్టినదానికి రానిది, బయట్నుంచి వచ్చినదానికి వచ్చింది."

దొంగకు తేలు కుట్టినట్టు అంటారే, మబెల్ పరిస్థితి అదే. అరవడానికి లేదు, ఓర్చుకోవడానికి లేదు. సంకటి మాడుతోందని చెప్పి వంటింట్లోకి వెళ్ళిపోయింది. అక్కడ పొయ్యి ముందు నిలబడి, రెండు చేతులతో మొహం కప్పుకుంది. ఆడబిడ్డ వండినది తన పేరున వడ్డించి, ఆ వంట సాక్షిగా ఆడబిడ్డని తిట్టించింది. భూమి చీలి లోపలికి పోతే బాగుండుననిపించింది. చీలినా కింద ఉన్నది ఆ నేలమాళిగే కదా.

వెనక చెక్కనేల కిర్రుమంది. ఇల్డా వచ్చి వంటింటి తలుపు దగ్గరగా వేసింది.

"దారం మార్చావు" అంది. గొంతు తగ్గించే ఉంది, కోపం కూడా కనిపించలేదు. "ముడి మా అమ్మ ముడే వేశావు. బాగా నేర్చుకున్నావు."

"వదినా..."

"ఒవీదియో చెప్పాడులే. కార్దోబాలో నీ స్నేహితురాలెవరికో కావాలని వచ్చి పట్టుకెళ్ళావని. సంతోషించాను కూడా తెలుసా? ఇన్నేళ్ళకి ఈ ఇంటి మనిషి ఒకరు నా గడప తొక్కారని."

మబెల్‌కి ఏడుపు వచ్చింది గానీ, ఏడ్చే హక్కు కూడా తనకు లేదనిపించి మింగేసింది. కిటికీలు తెరవడం, కింద జరిగినది, అంతా నాలుగు ముక్కల్లో చెప్పింది. దాచుకోవడానికి ఏమీ మిగల్చలేదు.

"ఉత్తరగాలికి తెరిచావా?" ఇల్డా నుదురు కొట్టుకుంది. "రెండూనా? అయ్యో పిచ్చిదానా!"

"నన్ను తిట్టు వదినా. చెంప మీద ఒక్కటి కొట్టు."

"కొడితే నీకు తేలికవుతుంది. నేనెందుకు నీ బరువు దింపాలి?"

మబెల్ తల దించుకుంది. పొయ్యి మీద సాసేజిల నీళ్ళు పొంగి చుయ్యిమన్నాయి. ఇల్డా అలవాటు కొద్దీ మూత కాస్త తప్పించింది.

"ఇప్పుడే వెళ్ళి చెప్పేస్తాను" అంది మబెల్. "అందరి ముందూ. ఇది నీదేనని."

"వద్దు."

"మామయ్య నిన్ను అన్న మాట విన్నావు కదా! నావల్లే కదా అన్నాడు!"

"అది కొత్త మాటేం కాదు. వినీ వినీ చెవులు కాయలు కాచాయి." ఇల్డా తలుపు సందులోంచి బల్ల వైపు చూసింది. అక్కడ ముసలాయన తోసొలీనీ ముందున్న ముక్కను కూడా లాక్కుని తింటున్నాడు. "కొత్తది అదీ. చూడు. ముక్క మీద ముక్క తింటున్నాడు. మా నాన్న నా చేతి తిండి తింటుంటే చూడాలని ఎన్నాళ్ళ నుంచో అనుకున్నాను. నువ్వు వెళ్ళి ఇది ఇల్డాదని చెప్పావనుకో, నోట్లోది ఉమ్మేస్తాడు. అందరి ముందూ ఉమ్మేస్తాడు. ఆయన సంగతి నాకు తెలుసు. కాగితం విప్పకుండా తిప్పి పంపినప్పుడు కనీసం నేను అక్కడ లేను. ఇవాళ ఉన్నాను."

"అయితే ఏం చెయ్యమంటావు?"

"ఇంకాస్త కొయ్యి. పలక ఖాళీ అవుతోంది" అంది ఇల్డా. ముంజేత్తో కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయింది.

తిడితే తట్టుకునేది. ఈ దయ తట్టుకోలేకపోయింది. కత్తి పట్టుకుంటే ఈసారి చెయ్యి వణికింది. ముక్కలు వంకరటింకరగా తెగాయి.

సంకటి వచ్చింది, సాసేజిలు వచ్చాయి, కూజా రెండోసారి నిండింది. కుర్చీలో కూర్చున్న ఇల్డా తండ్రి దవడనే చూస్తోంది. పసిబిడ్డ పాలు తాగుతుంటే తల్లి చూసినట్టు చూస్తోంది. తోసొలీనీ తన తాతగారి గాడిద వైన్ తాగి చర్చిలోకి వెళ్ళిన కథ చెప్పాడు. ఏటా చెప్పేదే, ఏటా గాడిద కొంచెం పెద్దదవుతుంది. అంతా నవ్వారు. ఈ సాయంత్రం ఇలాగే గడిచిపోయేది. తోసొలీనీ కిందికి దిగి, ముందు వాసం మీద చెయ్యి వేసి, ఒకటి తెంపుకుని వెళ్ళిపోయేవాడు. ఎవరికీ ఏమీ తెలిసేది కాదు.

కానీ గెలిచినవాడికి గెలుపు ఒక్కటే చాలదు. ఓడినవాళ్ళ నోటితో కూడా వినాలి.

"ఇల్డా" అన్నాడు ముసలాయన, గ్లాసు ఎత్తి. "రినాల్దో సాక్షి. నిజం చెప్పు. నీ షెడ్డులో ఇలాంటిది ఒక్కటైనా ఉందా?"

దనీలో గొణిగాడు. "నాన్నా, పోనీలే..."

"నువ్వుండరా. అడగనీ. మా ఇంటి పేరు బోర్డుకి ఎక్కించింది కదా, జవాబు చెప్పనీ. ఉందా?"

ఇల్డా ఒళ్ళో చేతులు ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. మబెల్ ఆ చేతులే చూస్తోంది. ఆ కాయలు కాచిన వేళ్ళు తరిగిన కొవ్వే పలక మీద ఉంది.

"లేదు నాన్నా" అంది ఇల్డా.

"గట్టిగా చెప్పు, రినాల్దోకి చెవుడు."

"లేదు నాన్నా. నా చేతికి ఇంత రుచి రాదు."

ముసలాయన వెనక్కి వాలి, తృప్తిగా నవ్వాడు. ఇంకో ముక్క తీసుకున్నాడు.

మబెల్ కూజా బల్ల మీద పెట్టింది. పెట్టడం కాదు, జారిందనాలి. వైన్ చింది పలక అంచు మీదికి పాకింది.

"మామయ్యా, ఇది మనది కాదు."

ఎవరికీ అర్థం కాలేదు. తోసొలీనీ తన గ్లాసు గురించి అనుకుని దాన్ని పక్కకు జరిపాడు.

"ఈ సలామే మనది కాదు మామయ్యా. మనవి పాడైపోయాయి. నేనే పాడుచేశాను. త్వరగా ఆరాలని కిటికీలు తెరిచాను. కిందున్నవన్నీ పైన రాయి, లోపల కుళ్ళు. ఇవి కొనుక్కొచ్చి, దారం మార్చి పెట్టాను. మీరు నన్ను పొగుడుతుంటే నోరు మూసుకుని నిలబడ్డాను."

"మబెల్, ఏంటి నువ్వు మాట్లాడేది?" అని దనీలో లేచాడు. ఎవరూ అతని వైపు చూడలేదు.

ముసలాయన మొహం ఎర్రబడలేదు, తెల్లబడింది. మొదట అడిగిన మాట మా ఊళ్ళో ఎవరైనా మొదట అడిగే మాటే.

"ఉత్తరగాలికా?"

"అవును మామయ్యా."

ఆయన తల రెండుసార్లు ఊగింది. చావు కబురు విన్నప్పుడు ఊగినట్టు. పక్కనే నిలబడ్డ కోడలి వంక చూడలేదు. ఆ చూడకపోవడం మబెల్‌కి తిట్టుకంటే ఎక్కువ తగిలింది. అయినా నిలబడింది. ఈ సిగ్గు తనదే, ఇక దీన్ని ఇంకొకరి నెత్తిన పెట్టేది లేదని నిలబడింది.

"మరి ఇది ఎవరిది?"

తన తప్పు చెప్పుకునే హక్కు మబెల్‌కి ఉంది. ఇల్డా పేరు చెప్పే హక్కు లేదు. తలుపు పక్క కుర్చీ వైపు చూడకూడదని తన పాదాల వైపు చూసింది.

"చెప్పవా? అక్కర్లేదు" అన్నాడు ముసలాయన. "చెయ్యి వణికినా నాలుక వణకలేదు నాకు." చేతిలో ఉన్న ముక్క నోట్లో పెట్టుకుని, ఈసారి వేరేగా, వెతుక్కుంటున్నట్టు నమిలాడు. "నీది కాదు రినాల్దో, నువ్వు మిరియాలు గుప్పిస్తావు."

"నాదైతే నేనెందుకు ఊరుకుంటాను?" అన్నాడు తోసొలీనీ. ఎవరూ నవ్వలేదు.

"బ్రాయిదా వాళ్ళది కాదు. వాళ్ళకి జాజికాయ పిచ్చి. చర్చి వెనక అన్నదమ్ములది కాదు, వాళ్ళది మిషన్ కొవ్వు. ఇది కత్తితో తరిగింది. వైన్ వెల్లుల్లితో కాచి, చల్లారాక పోసింది. వేడిగా పోస్తే మాంసం ముడుచుకుంటుందని మా అమ్మ చెప్పేది. అది నేను ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో వాళ్ళకి తప్ప..." ఆయన నుదురు ముడిపడింది. "ఈ ఊళ్ళో నేను రుచి చూడని ఇల్లు లేదు."

ఆ మాట ఆయన నోటి నుంచి వచ్చి, బల్ల చుట్టూ తిరిగి, ఆయన చెవికే చేరింది. నమలడం నెమ్మదించింది.

తలుపు పక్కన కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడైంది. ఇల్డా లేచి నిలబడింది. వద్దన్న మనిషే లేచింది. పరాయింటి నుంచి వచ్చిన పిల్ల అందరి ముందూ తల వంచుకుని నిజం చెప్పి నిలబడితే, ఆ ఇంట్లో పుట్టినది కూర్చోలేకపోయింది.

"ఉంది నాన్నా. ఒక్క ఇల్లు ఉంది" అంది. గొంతు వణుకుతోంది, ఆపుకోలేదు. "రైలు పట్టాల పక్కన. నీ పేరే రాసి ఉంటుంది గుమ్మం మీద. వైన్ చల్లారాక పొయ్యాలని నాకు చెప్పింది నువ్వే. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. దారం పట్టుకోవడానికి నీ పక్కన స్టూలు ఎక్కి నిలబడేదాన్ని."

ముసలాయన ఆమె వైపు తిరిగాడు. బుగ్గలో ముక్క అలాగే ఉంది.

"నీ నోట్లో ఉన్నది నాదే నాన్నా. ఇప్పుడు తెలిసింది కదా. ఉమ్ముతావా, మింగుతావా?"

ఎలిసేయో కందోత్తి దవడ ఆగిపోయింది. తోసొలీనీ కళ్ళు పలక మీదికి దించుకున్నాడు. మబెల్ తనకు తెలియకుండానే ఒక అడుగు వేసి ఇల్డా పక్కన నిలబడింది. ముసలాయన వణికే చెయ్యి ఒళ్ళో ఉన్న రుమాలు కోసం తడుముకుని, దాన్ని పట్టుకుని, నెమ్మదిగా మొహం వరకూ ఎత్తింది. ఉమ్మడానికో, కళ్ళు తుడుచుకోవడానికో వచ్చేవారం చూద్దాం.